ఫ్లాయిడ్ వెళ్లేటట్లయితే శుక్రవారం సాయంత్రానికే చేరుకోండి

మీరు అడిగింది ఇదీ: వాషింగ్టన్ డీసీ దగ్గర ఆష్‌బర్న్‌లో ఉంటున్నారు, రాజమండ్రి నుంచి వచ్చిన అమ్మానాన్నల్ని, వయోలిన్ నేర్చుకుంటున్న అమ్మాయిని తీసుకుని అక్టోబర్ లాంగ్ వీకెండ్‌లో బ్లూ రిడ్జ్ కొండల్లో రంగులు మారిన ఆకులు చూడ్డానికి వెళ్దామనుకుంటున్నారు. పాటలకి పేరున్న ఫ్లాయిడ్ అనే వర్జీనియా ఊరు దారిలో ఉందని ఎవరో చెప్పారు. శనివారం మధ్యాహ్నం అక్కడ ఓ గంట ఆగితే చాలా, పెద్దవాళ్లకి బోర్ కొడుతుందా, శాకాహారం దొరుకుతుందా, అమ్మాయి వయోలిన్ వెంట తేవచ్చా.

నేను రోనోక్ పక్కనే చాలా ఏళ్లుగా ఉంటున్నాను, ఇంటికి వచ్చిన చుట్టాలందర్నీ ఫ్లాయిడ్ తిప్పుతుంటాను కాబట్టి సూటిగా చెప్తాను. శనివారం మధ్యాహ్నం ఓ గంట కోసమైతే ఆ ఊరు వెళ్లకండి. ఫొటోల్లో చూసి ఏదో ఊహించుకుని వచ్చి, "ఇంతేనా" అని మొహం వేలాడేసుకుని వెనక్కి వెళ్లినవాళ్లని చాలామందిని చూశాను. జనాభా ఐదొందలు కూడా లేని ఊరు. ఊరు మాట అటుంచండి, కౌంటీ మొత్తానికి ఒకటే ట్రాఫిక్ లైటు, రూట్ 8, రూట్ 221 కలిసేచోట. కోర్టు, నాలుగు దుకాణాలు, ఒక కాఫీ రోస్టర్, పది నిమిషాల్లో ఈ చివర నుంచి ఆ చివరకి నడిచేయొచ్చు. అక్కడ చూడాల్సింది శుక్రవారం రాత్రి ఆ ఫ్లాయిడ్ కంట్రీ స్టోర్‌లో జరిగేదే, కాబట్టి మీ ట్రిప్ మొత్తాన్ని దాని చుట్టూ వేసుకోండి. ఆకులు ఎటూ కనబడతాయి, దారి పొడుగునా అవే.

స్టోర్ అంటే నిజంగానే పాతకాలపు కిరాణా కొట్టు, ఇప్పటికీ కొట్టే. ఓవరాల్స్, బూట్లు, డబ్బాల్లో చాక్లెట్లు, ఒక పక్క కేఫ్, ఐస్‌క్రీమ్ కౌంటర్. 1980లలో అప్పటి కొట్టు ఓనరూ ఆయన స్నేహితులూ కొట్టు కట్టేశాక లోపల కూర్చుని వాయించుకుంటుంటే, బయట పోయేవాళ్లు తలుపు కొట్టి లోపలికి వచ్చేవాళ్లట. అలా మొదలైంది. ఇప్పుడు దాన్ని ఫ్రైడే నైట్ జాంబొరీ అంటారు. ఆరున్నర ప్రాంతంలో మొదలవుతుంది, మొదటి గంట గాస్పెల్, అంటే క్రైస్తవ భక్తి పాటలు, అందరూ మడత కుర్చీల్లో కూర్చుని వింటారు. తర్వాత ఏడున్నర నుంచి డాన్స్ బ్యాండ్. టికెట్ పెద్ద ఖరీదేం కాదు, వేళలు సీజన్‌ని బట్టి కాస్త అటూ ఇటూ అవుతాయి కాబట్టి వెళ్లే ముందు వాళ్ల వెబ్‌సైట్ చూసుకోండి. లోపల మందు లేదు, సిగరెట్ లేదు, బూతులు లేవు, ఈ మూడూ వాళ్ల రూల్సే. అందుకే తాతల నుంచి పాకే పిల్లల దాకా ఒకే గదిలో కనబడతారు.

చాలామంది మనవాళ్లు గాస్పెల్ అయ్యాక వెళ్దాంలే అని ఎనిమిదింటికి వస్తారు, కుర్చీలు దొరకవు. అక్టోబర్ శుక్రవారాల్లో గది కిక్కిరిసిపోతుంది. ఆరింటికే వెళ్లి, పెద్దవాళ్లకి గోడ వైపు ముందు వరసలో కుర్చీలు పట్టుకోండి. పైగా ఆ మొదటి గంటే మీ నాన్నగారికి ఎక్కువ నచ్చొచ్చు, భజన అలవాటున్న చెవికి ముగ్గురు నలుగురు గొంతులు కలిపి పాడే ఆ పద్ధతి వెంటనే పట్టుకుంటుంది. మతం మార్చే వ్యవహారమేం ఉండదు, ఆ టెన్షన్ పెట్టుకోకండి.

డాన్స్ బ్యాండ్ ఎక్కగానే మొత్తం సీను మారిపోతుంది. ఇక్కడ ఒక సంగతి ముందే తెలిసుంటే మంచిది. ఈ సంగీతం పుట్టిందే ఆడేవాళ్ల కోసం. వేదిక మీదవాళ్లు మీకేసి చూసి నవ్వరు, పాటకీ పాటకీ మధ్య ఉపన్యాసాలు ఇవ్వరు, చప్పట్లు కూడా పెద్దగా పట్టించుకోరు, వాళ్ల చూపంతా నేల మీద కాళ్ల మీదే. ఆ ఆటని ఫ్లాట్‌ఫుట్ అంటారు. నడుము పైభాగం దాదాపు కదలదు, చేతులు వేలాడుతుంటాయి, పాదం నేలకి అంగుళం ఎత్తులోనే ఆడుతూ తాళం వేస్తుంటుంది. చాలామంది బూట్లకి ఇనప పలకలు బిగించుకుని వస్తారు కాబట్టి ముప్ఫై మంది ఒకేసారి దిగితే చెక్క నేల డప్పులా మోగుతుంది. ఎవరి అడుగులు వాళ్లవే, నేర్పిన స్టెప్పులంటూ ఏమీ లేవు, తాళం తప్పకపోతే చాలు. ఒంటరిగా ఆడేవాళ్లు బ్యాండ్ ముందు చేరతారు, మధ్యలో నెమ్మది పాట వస్తే జంటలు దిగుతాయి. వచ్చేవాళ్లలో సగం మంది అరవై దాటినవాళ్లే, ఎనభై ఏళ్లాయన మీ అమ్మగారిని ఆటకి పిలిస్తే కంగారు పడకండి, అక్కడ అది మర్యాద, వద్దంటే నవ్వి ఇంకొకర్ని పిలుస్తాడు. మా అత్తగారు చీర మీద స్నీకర్లతోనే దిగారు, ఆవిడ మోకాళ్ల నొప్పి ఆ రాత్రి ఎటు పోయిందో మాకు ఇప్పటికీ అర్థం కాలేదు. కాకపోతే రబ్బరు సోలు నేలకి పట్టేస్తుంది, నున్నటి సోలున్న చెప్పులో బూట్లో వేసుకుంటే హాయి.

చెవులకి మటుకు మోతే. పెద్దవాళ్లలో ఎవరైనా వినికిడి మిషన్ పెట్టుకుంటే వెనక వరసలో కూర్చోబెట్టండి. గంటో గంటన్నరో అయ్యాక బయటికి రండి, చలి లేని రోజుల్లో వీధి అరుగుల మీద, సందుల్లో కూడా చిన్న చిన్న గుంపులు కూర్చుని వాయించుకుంటుంటాయి. నాకైతే లోపలికంటే అదే ఎక్కువ ఇష్టం, మూడడుగుల దూరంలో నిలబడి వినొచ్చు. అక్టోబర్ మధ్యకి ఆ ఎత్తులో, అంటే దాదాపు 2,500 అడుగుల మీద, రాత్రి చలి బాగా ఉంటుంది కాబట్టి ఇండియా నుంచి వచ్చినవాళ్లకి మంచి జాకెట్లు, టోపీలు మరవకండి.

ఇక వయోలిన్. తప్పకుండా తెండి. మీ ప్రశ్నలో నాకు బాగా నచ్చిన భాగం ఇదే కాబట్టి కాస్త ఎక్కువే రాస్తాను.

ఫిడిల్, వయోలిన్ ఒకటే వాయిద్యం, వాయించే తీరే వేరు. బాలుస్వామి దీక్షితార్ కాలంలో మన సంగీతంలోకి వచ్చిన వయోలిన్‌ని విజయనగరంలో ద్వారం వెంకటస్వామినాయుడు గారు ఎక్కడికి తీసుకెళ్లారో మనకి తెలుసు. ఇక్కడి కొండల్లోకి అదే వాయిద్యం స్కాట్లాండ్, ఐర్లండ్, ఇంగ్లండ్ నుంచి వలస వచ్చినవాళ్ల వెంట వచ్చి, ఆఫ్రికా నుంచి బానిసలుగా పట్టుకొచ్చిన వాళ్ల దగ్గర పుట్టిన బాంజో అనే తీగల వాయిద్యంతో కలిసింది. ఫిడిల్, బాంజో కలిసిన ఆ జంటనే ఓల్డ్ టైమ్ అంటారు. బాంజోకి ఐదో తీగ పొట్టిది, దాన్ని నొక్కకుండా బొటనవేలితో మీటుతూనే ఉంటారు, అంటే పాటంతా శ్రుతిలాంటి స్వరం ఒకటి వెనక మోగుతూనే ఉంటుంది. మీ అమ్మాయి అది వినగానే పట్టేస్తుంది చూడండి.

అసలు విశేషం శ్రుతి చేసుకోవడంలో ఉంది. మామూలుగా ఫిడిల్ నాలుగు తీగలూ జి, డి, ఎ, ఇ అనే పాశ్చాత్య స్వరాలకి ఉంటాయి. కానీ ఎ శ్రుతిలో వాయించే పాత ట్యూన్లకి ఇక్కడివాళ్లు కింది రెండు తీగలు ఒక్కో స్వరం పైకి లాగి ఎ, ఇ, ఎ, ఇ చేసుకుంటారు. దీన్ని క్రాస్ ట్యూనింగ్ అంటారు. అదేమిటో చూడండి, ఎ ని షడ్జమం అనుకుంటే స, ప, స, ప. మన కర్ణాటక వయోలిన్ శ్రుతి అచ్చంగా అదే! వేలు పెట్టకుండా ఉన్న తీగ పక్కనే మోగుతుంటుంది కాబట్టి రెండు తీగలు కలిపి వాయించడం వాళ్లకి చాలా ఇష్టం. కాబట్టి మీ అమ్మాయికి ఆ ఎ ట్యూన్లలో వేళ్లు ఎక్కడ పెట్టాలో చాలామటుకు ముందే తెలుసు. ట్యూన్లలో మోహనంలా ఐదు స్వరాలవి బోలెడు, హరికాంభోజి మెట్ల మీద నడిచేవీ ఉంటాయి. రాగం అని కాదు గానీ మెట్లు అవే. గమకాలు పక్కన పెట్టమనండి, ఇక్కడ పనంతా విల్లుదే, పొట్టి పొట్టి లాగుళ్లతో తాళం పుట్టాలి.

ఒక జాగ్రత్త. మనవాళ్లు తీగల్ని మామూలుకంటే దించి శ్రుతి చేస్తారు కదా, అక్కడికెళ్లి ఒక్కసారిగా ఎ కి లాగితే తీగ తెగొచ్చు, బ్రిడ్జి కూడా ఒరుగుతుంది. ప్రయాణానికి ఒకట్రెండు రోజుల ముందు ఇంట్లోనే నెమ్మదిగా పెంచుకోండి, ఒక సెట్టు తీగలు అదనంగా పెట్టుకోండి.

శుక్రవారం రాత్రి అమ్మాయి వాయించక్కర్లేదు, వినమనండి. ఆదివారం మధ్యాహ్నం అదే స్టోర్‌లో జామ్ ఉంటుంది, ఎవరైనా వాయిద్యం తెచ్చుకుని కూర్చోవచ్చు. అక్కడ కొన్ని రాయని పద్ధతులున్నాయి. వెళ్లగానే మధ్యలో కుర్చీ వేసుకోకూడదు, బయటి వరసలో కూర్చుని, పక్కనున్నవాళ్లని "కూర్చోవచ్చా" అని అడిగితే చాలు. ఓల్డ్ టైమ్‌లో సోలోలు ఉండవు, అందరూ ఒకేసారి ఒకే ట్యూన్ వాయిస్తారు. ట్యూన్ రెండు ముక్కలుగా ఉంటుంది, ఒక్కో ముక్క రెండేసి సార్లు, ఆ చక్రం మొత్తం మళ్లీ మళ్లీ పదో పదిహేనో సార్లు తిరుగుతుంది కాబట్టి తెలియని ట్యూన్ అయినా నాలుగో చుట్టుకి సగం పట్టుబడిపోతుంది. మొదట్లో తనకి మాత్రమే వినబడేంత మెల్లగా వాయించమనండి. మొదలుపెట్టినవాళ్లు కాలు పైకెత్తారంటే అదే ఆఖరి చుట్టు అని గుర్తు, కాలెత్తింది చూడకపోతే అందరూ ఆగాక మన విల్లు ఒక్కటే మోగుతుంది. శ్రుతి మార్చాలంటే బాంజోలు, ఫిడిళ్లు అన్నీ మళ్లీ సవరించుకోవాలి కాబట్టి ఒక శ్రుతిలో కూర్చుంటే గంటసేపు అందులోనే ఉంటారు, అది డి అయితే అమ్మాయి కాసేపు విని, ఎ వచ్చినప్పుడు కలవచ్చు. ట్యూన్‌కీ ట్యూన్‌కీ మధ్య ఖాళీలో వర్ణాలు ప్రాక్టీసు చేయడం మటుకు అస్సలు వద్దు. నాన్నగారు కంజీరా తెస్తానంటే కూడా సున్నితంగా ఆపండి, గిటారూ బేసూ తాళం చూసుకుంటాయి, కొట్టే వాయిద్యాలంటే అక్కడ మొహాలు మాడ్చుకుంటారు.

బ్లూగ్రాస్ అని ఇంకోటి వింటారు. అది తర్వాతి తరం సంగతి, 1940లలో బిల్ మన్రో బ్యాండ్, అందులో మూడు వేళ్లతో బాంజో వాయించిన ఎర్ల్ స్క్రగ్స్ రూపం ఇచ్చింది. వేగం ఎక్కువ, ఒకరి తర్వాత ఒకరు సోలో తీసుకుంటారు. జామ్ బ్లూగ్రాస్‌దా ఓల్డ్ టైమ్‌దా అని ముందే అడగండి, కొత్తగా చేరే పిల్లలకి ఓల్డ్ టైమే సుఖం.

ట్యూన్లు నచ్చితే ఊళ్లోనే కౌంటీ సేల్స్ అనే రికార్డుల కొట్టుంది, ముఖ్యంగా బ్లూగ్రాస్, ఓల్డ్ టైమ్ అమ్మే కొట్టు, పోస్టులో దేశమంతా పంపి పేరు తెచ్చుకుంది. సీడీ ప్లేయర్ లేదని వదిలేయకండి, లోపలివాళ్లని కదిపి చూడండి, ఏ ఊళ్లో ఏ ఫిడ్లర్ ఎలా వాయించేవాడో మీరు ఆపేదాకా చెప్తారు.

ప్రయాణం సంగతి. ఆష్‌బర్న్ నుంచి దాదాపు 260 మైళ్లు. శుక్రవారం మధ్యాహ్నం ఐ-66 హైవే ట్రాఫిక్ మీకు నేను చెప్పక్కర్లేదు, పొద్దున్నే తొమ్మిదిలోపు బయల్దేరండి, ఒక్కరోజు సెలవు పెట్టాల్సి వచ్చినా పెట్టండి. ఐ-81 మీద లారీలు ఎక్కువ, మధ్యలో నేచురల్ బ్రిడ్జ్ దగ్గర ఆగి భోజనం చేయొచ్చు, 215 అడుగుల ఎత్తున్న రాతి వంతెన అది, కిందికి దిగే మెట్లు పెద్దవాళ్లకి కష్టమవ్వచ్చు గానీ అడిగితే సాయం చేస్తారు. తర్వాత క్రిస్టియన్స్‌బర్గ్ దగ్గర ఎగ్జిట్ 114 తీసుకుని రూట్ 8 మీద దక్షిణంగా 20 మైళ్లు. ఆ ఆఖరి ముక్క మెలికలే, వాంతుల భయం ఉన్నవాళ్లని ముందు సీట్లో కూర్చోబెట్టండి.

శనివారం బ్లూ రిడ్జ్ పార్క్‌వే, అంటే కొండల మీదుగా పోయే రోడ్డు. ఫ్లాయిడ్ నుంచి ఆరు మైళ్లలో ఎక్కొచ్చు. మైలురాయి 176 దగ్గర మేబ్రీ మిల్, నీళ్లతో తిరిగే పాత పిండిమర, క్యాలెండర్లలో మీరు చూసే ఫొటో అదే. పొద్దున్నే వెళ్లకపోతే పార్కింగ్ దొరకదు. అక్కడ్నుంచి అలాగే మైలు 213 దాకా పోతే గేలాక్స్ దగ్గర బ్లూ రిడ్జ్ మ్యూజిక్ సెంటర్, సీజన్‌లో మధ్యాహ్నం పన్నెండు నుంచి నాలుగు దాకా స్థానికులు వరండాలో కూర్చుని ఉచితంగా వాయిస్తారు, లోపల చిన్న మ్యూజియం. ఇక్కడ ప్రశ్నలు అడగొచ్చు, శుక్రవారం రాత్రి కుదరదు కదా. గేలాక్స్‌లో ఏటా ఆగస్టులో ఫిడ్లర్ల పోటీ జరుగుతుంది, 1935 నుంచి ఉంది, అమ్మాయికి ఈ పిచ్చి పట్టిందంటే వచ్చే ఏడాది మిమ్మల్ని అక్కడే చూస్తాను. పార్క్‌వే మీద వేగం 45 మైళ్లు దాటకూడదు, పెట్రోల్ బంకులు ఉండవు, ఫోన్ సిగ్నల్ వస్తూ పోతూ ఉంటుంది, మ్యాపులు ముందే దించుకోండి. 2024లో హెలీన్ తుఫాను దెబ్బకి రోడ్డు చాలా చోట్ల తెగింది, కాబట్టి ఏ ముక్క తెరిచి ఉందో నేషనల్ పార్క్ సర్వీస్ సైట్‌లో చూశాకే దారి ఖాయం చేసుకోండి. బఫెలో మౌంటెన్ ఎక్కమని కూడా కొందరు చెప్తారు, 3,971 అడుగులు, దూరం తక్కువే గానీ నిటారు, పెద్దవాళ్లతో వద్దు.

తిండి దగ్గర మాత్రం జాగ్రత్త. కేఫ్‌లో బీన్స్, కార్న్‌బ్రెడ్, ఆకుకూరలు చూసి శాకాహారమే కదా అనుకుంటాం. ఈ కొండ వంటల్లో బీన్స్‌లో పంది మాంసం ముక్క వేసి ఉడికించడం, ఆకుకూరలో బేకన్ కొవ్వు వేయడం మామూలు, బిస్కెట్ (అక్కడ మెత్తటి రొట్టెని అలా అంటారు) మీద పోసే తెల్ల గ్రేవీలో సాసేజ్ ఉంటుంది. ప్రతిదీ అడగండి, విసుక్కోరు. ఊళ్లో ఎప్పట్నుంచో సేంద్రియ వ్యవసాయం అంటూ వచ్చి స్థిరపడ్డ హిప్పీ తరం ఉంది కాబట్టి వెజిటేరియన్ అంటే అర్థం కాని పరిస్థితి లేదు, సలాడ్, పిజ్జా లాంటివి దొరుకుతాయి. అయినా అమ్మగారితో పులిహోర చేయించుకుని పట్టుకెళ్లండి, ఆదివారం చాలా కొట్లు ఆలస్యంగా తెరుస్తారు. అన్నం కావాలంటే బ్లాక్స్‌బర్గ్, వర్జీనియా టెక్ ఉన్న ఊరు, మన పిల్లలు బోలెడుమంది, ఇండియన్ రెస్టారెంట్లు ఉన్నాయి.

మీరు అడగలేదు గానీ అందరి మనసులోనూ ఉండే ప్రశ్న, పల్లెటూరు కదా, మనల్ని చూసి ఎలా ఉంటారో అని. దారిలో ఇళ్ల ముందు రాజకీయ జెండాలు కనబడతాయి, కొన్ని చూసి మీకు ఇబ్బందిగా అనిపించొచ్చు. స్టోర్ లోపల నాకు ఎప్పుడూ తేడా కనబడలేదు, పక్క కుర్చీ ఆయన ఎక్కడ్నుంచి వచ్చారని అడుగుతాడు, ఇండియా అంటే తన మనవరాలి డాక్టరు ఇండియన్ అంటాడు, తర్వాత తన ఆవుల గురించి చెప్తాడు. వీడియో తీసుకోవచ్చు, కానీ ఆడేవాళ్ల మొహంలోకి ఫోన్ పెట్టి, ఫ్లాష్ వేసి తీయకండి, అది ఎవరికైనా చిరాకే.

గదుల గురించి ఇవాళే చూడండి. ఫ్లాయిడ్‌లో గదులు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు, అక్టోబర్‌కి నెలల ముందే అయిపోతాయి. దొరక్కపోతే క్రిస్టియన్స్‌బర్గ్‌లో దిగండి, అరగంట దూరం. కానీ ఆ వారం వర్జీనియా టెక్ ఫుట్‌బాల్ మ్యాచ్ బ్లాక్స్‌బర్గ్‌లోనే ఉందంటే అక్కడ గదుల రేట్లు రెండింతలు మూడింతలు అవుతాయి, అప్పుడు రోనోక్ వైపు చూసుకోవడం మేలు. ముందు ఆ మ్యాచ్ షెడ్యూల్ చూసి, తర్వాతే తేదీ ఖాయం చేసుకోండి.